సగం సిగరెట్టు సేపు

మా ఇంట్లో గోడ గడియారం సరిగ్గా నడిచిన పాపాన ఎప్పుడూ పోలేదు. దాంతో మాకు పనీ పడలేదు. మా అబాక్ దగ్గర కాలానికి ఒకటే కొలత ఉండేది, సగం సిగరెట్టు. నాన్నని మేం అబాక్ అనే పిలుస్తాం. అన్నం ఎప్పటికి ఉడుకుతుందంటే "ఇంకో సగం సిగరెట్టు" అనేవాడు. వాన ఎప్పుడు వెలుస్తుందంటే ఆకాశం వంక చూసి "రెండు సిగరెట్లు" అనేవాడు. నేను పుట్టేటప్పుడు అమ్మ నొప్పులు పడుతూ, మంత్రసాని ఇంకెప్పుడొస్తుందని కేకలు పెడితే కూడా ఇలాంటి జవాబే చెప్పాడట. అమ్మ బతికున్నన్నాళ్ళూ దాన్ని ఎత్తిపొడుస్తూనే ఉంది.

ఆ కొలత ఆయనకి లారీ నేర్పింది. కింద సముద్రం ఒడ్డునున్న పాదాంగ్ నుంచి సితిన్‌జావ్ ఘాట్ ఎక్కి వచ్చే బళ్ళన్నీ పైన లుబుక్ సెలాసిహ్‌లో మా అన్నం కొట్టు ముందే ఆగుతాయి. ఇటు సోలోక్ వైపు నుంచి ఎక్కి వచ్చేవీ ఇక్కడే ఆగుతాయి. టర్బో ఉన్న బండైతే, ఇంజనుకి గాలి ఊదే ఆ ఇనప నత్తగుల్ల పైకి చేరేసరికి కొలిమిలోంచి తీసినట్టు ఎర్రబడి ఉంటుంది. అప్పుడు టక్కున తాళం తిప్పి ఇంజన్ ఆపితే లోపల ఆయిల్ తిరగడం ఆగిపోతుంది. ఆగిన ఆయిల్ ఆ వేడికి మాడి మసవుతుంది. టర్బో మధ్యలో తిరిగే కడ్డీ అరిగి అరిగి ఒకరోజు పట్టేస్తుంది. అందుకని బండిని పక్కకి నిలబెట్టి, ఇంజన్ని కాసేపు నెమ్మదిగా ఉత్తినే తిరగనివ్వాలి. మా డ్రైవర్లు దాన్ని ఊపిరి దిగనివ్వడం అంటారు.

ఊపిరి దిగుతున్న బండి దగ్గరికి ఎవరూ వెళ్ళరు. డ్రైవరు సీట్లోనే కూర్చుని లవంగాల సిగరెట్టు వెలిగిస్తాడు. అది సగమయ్యాక ఇంజన్ ఆపి దిగుతాడు. ఈలోగా కొట్లో కూర్చున్నవాళ్ళు పలకరించరు, నేను అన్నం పెట్టను. ముందే పెడితే చల్లారిపోయిందని నన్నే తిడతారు మహానుభావులు.

టర్బో బండిని చెవితోనే పట్టొచ్చు, ఎక్కేటప్పుడు సన్నగా ఈల వేస్తుంది. మా చిన్నప్పుడు అబాక్ నన్నూ తమ్ముడు దఫ్రిల్‌నీ గుమ్మంలో కూర్చోబెట్టి పరీక్ష పెట్టేవాడు.

"ఈల ఉందా?"

"ఉంది!"

"అయితే?"

"ఊపిరి దిగాలి!"

"ఈల లేకపోతే?"

"ఆపేసి అన్నానికి రావచ్చు!"

బడిలో ఎక్కాలు రాకముందే మాకు ఇది వచ్చు. నాకంటే తమ్ముడే గట్టిగా, ముందుగా అరిచేవాడు. ఇప్పుడు తల్చుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది.

అబాక్ చాలాకాలం వేరేవాళ్ళ బళ్ళు తోలి, ఆఖరికి ఒక టర్బో లారీ సొంతంగా కొనుక్కున్నాడు. దాన్ని మమ్మల్ని చూసుకున్నదానికంటే బాగా చూసుకున్నాడు. నడుం నొప్పి ముదిరాక స్టీరింగ్ తమ్ముడి చేతికి ఇచ్చి, తను పక్క సీట్లోకి మారాడు. తర్వాత పక్క సీటు కూడా మానేసి, కొట్లో కూర్చుని వచ్చేపోయే బళ్ళకి వంకలు పెట్టేవాడు.

తమ్ముడు మా కొట్టు ముందు బండి ఆపితే ఎంతో బుద్ధిగా ఊపిరి దిగనిచ్చేవాడు. వాడి సంగతంతా ఘాట్ మధ్యలో ఉంది. అక్కడ ఒక కాఫీ కొట్టు, ఆ కొట్లో ఒక పిల్ల. ఆ పిల్లని చూసే తొందరలో కుర్రాడు అక్కడ బండి ఆపీ ఆపగానే ఇంజన్ కట్టేసి దూకేవాడు. సగం సిగరెట్టు సేపు కూడా ఆగలేని ప్రేమ. అలా ఎన్నాళ్ళు చేశాడో వాడికే తెలియాలి.

ఒకరోజు అబాక్ పాదాంగ్‌లో ఏదో పని చూసుకుని వాడితోపాటు బండిలో వస్తుంటే ఘాట్ మలుపులో టర్బో పగిలింది. పగిలిన టర్బోలోంచి ఆయిల్ ఇంజన్లోకి పోయింది. ఇంజన్ తన ఆయిల్ తనే తాగి, తాళం తీసినా ఆగకుండా అరుస్తూ, తెల్లటి పొగ కక్కుతూ, చివరికి దానంతటదే పట్టేసి చచ్చింది. మనుషులకి ఏమీ కాలేదు. బండి మాత్రం తుక్కు కింద పోయింది.

ఆ సాయంత్రం కొట్టు నిండా జనం ఉండగా అబాక్ తమ్ముడి మొహం మీద అన్నాడు: "సగం సిగరెట్టు ఓపిక లేనివాడు స్టీరింగూ పట్టకూడదు, పెళ్ళాం చెయ్యీ పట్టకూడదు."

సరిగ్గా పక్క బల్ల దగ్గర ఆ పిల్ల మేనమామ అన్నం తింటున్నాడు. మా వైపు సంబంధం ఖాయం చెయ్యాలన్నా, కాదనాలన్నా మేనమామ మాటే మాట. ఆయన చెయ్యి కడుక్కుని, నాకు దండం పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. తమ్ముడు కూడా ఆ వారంలోనే దూరాన జాంబీ ఊరికి వెళ్ళిపోయి అక్కడ వేరేవాళ్ళ బళ్ళు తోలడం మొదలుపెట్టాడు. రంజాను పండక్కి కూడా ఇంటికి రాలేదు. నాతో మాత్రం ఫోన్లో మాట్లాడేవాడు. "అబాక్ ఎలా ఉన్నాడు, ఉనీ?" అని అడిగేవాడు. ఉనీ అంటే అక్కని, నేనే. "నువ్వే అడుగు, ఇస్తాను" అంటే ఫోన్ పెట్టేసేవాడు. ఇద్దరూ ఇద్దరే. వాళ్ళ మధ్యలో నా ప్రాణం తోడేశారు.

కొన్నేళ్ళు ఇలాగే గడిచాక, ఒక వానాకాలంలో అబాక్ మంచం పట్టాడు. ఆయన తాగిన సిగరెట్లన్నీ ఊపిరితిత్తుల్లో పేరుకున్నాయి. ఆసుపత్రిలో చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కొట్టు వెనక గదిలో, రోడ్డు వైపు కిటికీ పక్కన మంచం వేశాను. ఆయనకి ఇక బళ్ళ చప్పుళ్ళే లోకం. కళ్ళు మూసుకుని "ముర్సాల్ వచ్చాడు, వెనక బ్రేకు కీచుమంటోంది, చెప్పు" అనేవాడు. వెళ్ళి చూస్తే ముర్సాలే. సిమెంటు బస్తాల లోడుతో రోజూ ఘాట్ ఎక్కే ముర్సాల్ ఆయనకి పాత స్నేహితుడు. "మంచంలో పడ్డా ముసలాడు మమ్మల్ని వదల్లేదమ్మా" అని నవ్వుతూనే, పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకునేవాడు.

సిగరెట్టు కాల్చడానికి ఊపిరి లేదు. అయినా ఒకటి చేతికిమ్మనేవాడు. వెలిగించకుండా వేళ్ళ మధ్య పట్టుకుని పడుకునేవాడు. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా చెయ్యి ఆపి అన్నాడు.

"వాడితో ఒక మాట ఉంది."

ఎవడితో అని నేను అడగలేదు. "ఏం మాట? చెప్పు, ఇప్పుడే ఫోన్ కలుపుతాను."

"ఫోన్లో అనే మాట కాదు. మొహం చూసి అన్న మాటని మొహం చూసే వెనక్కి తీసుకోవాలి."

ఇన్నేళ్ళలో ఆయన అంత పొడుగు మాట వాడి గురించి అనడం అదే మొదలు. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. గంజి గిన్నె పక్కన పెట్టి బయటికెళ్ళి తమ్ముడికి ఫోన్ చేశాను.

"రా. నీతో మాట ఉందట."

"నిజంగా ఆయనే అన్నాడా?" అన్నాడు వాడు.

"కాదు, నేనే కల్పించాను. పనీపాటా లేదుగా నాకు. బయల్దేరరా వెధవా!"

బయల్దేరాడు. అబాక్‌కి చెబితే తల ఊపి, దుప్పటి సర్దమన్నాడు. గడ్డం గీయమన్నాడు. గీశాను.

మర్నాటికి ఆయన పరిస్థితి దిగజారింది. ఊపిరి పైపైనే ఆడుతోంది. అమ్మ చెల్లెలు అస్ని పిన్ని వచ్చి తలవైపు కూర్చుని ప్రాణం మీదికొచ్చినప్పుడు చదివే యాసీన్ మొదలుపెట్టింది. దారిలో సిజుంజుంగ్ దగ్గర ఆగి తమ్ముడు ఫోన్ చేశాడు. "ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడు. గంజి తాగాడు. నువ్వు నిదానంగా రా, వాన పడుతోంది" అన్నాను.

ఈ రోడ్డు మీద పుట్టి పెరిగినవాళ్ళెవరైనా అదే అంటారు. స్టీరింగ్ పట్టుకున్న మనిషికి చెడ్డ కబురు చెప్పకూడదు. చెప్పినవాళ్ళ వల్ల లోయలోకి పోయిన బళ్ళ కథలు మాకు కొల్లలుగా తెలుసు. అందుకే మా దగ్గర డ్రైవర్ల తల్లులు చచ్చిపోయాక కూడా, బండి ఇల్లు చేరేదాకా, గంజి తాగుతూనే ఉంటారు.

సాయంత్రం నమాజు వేళ దాటింది. వాన రేకుల మీద దబదబా బాదుతోంది. కొట్లో ముర్సాల్, ఇంకో ఇద్దరు డ్రైవర్లు గుడ్డుసొన గిలక్కొట్టి పోసిన టీ తాగుతూ కూర్చున్నారు. నేను మంచం పక్కన ఉన్నాను. అబాక్ చెయ్యి నా చేతిలో ఉంది, రెండో చేతి వేళ్ళ మధ్య వెలిగించని సిగరెట్టు ఉంది. పొద్దుటి నుంచీ ఆయన కళ్ళు తెరవలేదు.

సోలోక్ వైపు మలుపులోంచి ఒక లారీ ఎక్కుతున్న చప్పుడు వినబడింది. నాకది మామూలు చప్పుడే. అబాక్ కళ్ళు తెరిచాడు.

"ఈల లేదు" అన్నాడు.

నేను వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టాను. "ఏంటి అబాక్?"

"ఈల లేదు."

వానలో ఆయనకి చెవులు కూడా పోయాయనుకున్నాను. లారీ వచ్చి మా కొట్టు ముందు పక్కకి తిరిగి ఆగింది. కిటికీలోంచి చూస్తే అద్దం వెనక తమ్ముడి మొహం. చిక్కిపోయాడు, నుదుటి మీద జుట్టు పల్చబడింది. అయినా వాడే.

"అబాక్! రిల్ వచ్చాడు! వచ్చేశాడు!" అని అరిచాను.

వాడు దిగలేదు. ఇంజన్ ఆపలేదు. బండి నెమ్మదిగా దడదడలాడుతూ అక్కడే నిలబడింది. వాడు సిగరెట్టు వెలిగించుకోవడం కూడా చూశాను.

కిటికీ తలుపు తోసి "రిల్! రా లోపలికి!" అని గొంతు చించుకున్నాను. వాన హోరులో నా మాట వాడికి చేరలేదు. నా చెయ్యి ఊపడం మాత్రం కనబడినట్టుంది. వాడు నవ్వి, చూపుడు వేలిని బొటనవేలితో సగానికి పట్టుకుని చూపించాడు. ఘాట్ మీద డ్రైవర్లందరి సైగే అది. సగం సిగరెట్టు, వస్తున్నా.

కొట్లోకి కేకేశాను. "ముర్సాల్! వాణ్ణి లాక్కురా!"

"ఊపిరి దిగుతోందమ్మా, వస్తాడుగా" అన్నాడు ముర్సాల్, ఏమీ ఎరగక, టీ చప్పరిస్తూ.

నేనే పరిగెడదామని లేచాను. అబాక్ నా మణికట్టు పట్టుకున్నాడు. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎత్తలేని ఆ చేతికి అంత బలం ఎక్కణ్ణించి వచ్చిందో నాకు ఈనాటికీ తెలీదు.

"వద్దు" అన్నాడు. "ఊపిరి దిగనీ."

అస్ని పిన్ని గొల్లుమంది. "దిగిపోతోందంటున్నాడే! ఆయనకే తెలిసిపోయిందే! కలిమా చెప్పవే చెవిలో, కలిమా చెప్పు!" అంటూ తను బిగ్గరగా చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడ జీవితమంతా సోలోక్ బజార్లో బట్టలమ్మింది. లారీల మాట ఆవిడకేం తెలుసు? ఆయన తన ఊపిరి గురించి అనలేదు. నాకు తెలుసు. అయినా పోయేవాళ్ళ చెవిలో చెప్పే ఆ కలిమా నేనూ చెప్పసాగాను. ఆయన పెదాలు కూడా మాతో కదిలాయి, ఆ మాట నిజం.

బయట బండి దడదడ, పైన రేకుల మీద వాన. అబాక్ మొహం ఆ చప్పుడు వైపే తిరిగి ఉంది. బొటనవేలు సిగరెట్టు చివర పెట్టి, అది నిజంగానే కాలుతున్నట్టు, మెల్లిగా కిందికి జరుపుతున్నాడు. వేలు కొంచెం జరిగేది, ఆగేది, మళ్ళీ జరిగేది. పెదాల చివర చిన్న నవ్వు. లారీ కొనుక్కున్న రోజున తప్ప ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు.

"నేర్చుకున్నాడు" అన్నాడు.

ఆ తర్వాత మాట లేదు. నా మణికట్టు మీద పట్టు వదులైంది. బొటనవేలు ఆగిపోయింది. సిగరెట్టు సగానికి అది ఇంకా కొంచెం పైనే ఉంది.

పిన్ని ఆయన కళ్ళు మూసింది. బయట ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది.

తర్వాత ఆగింది. తలుపు చప్పుడు, బురదలో చెప్పుల చప్పుడు, కొట్లో డ్రైవర్ల పలకరింపులు వినబడ్డాయి. "ఏరా, పెళ్ళికొడకా, దారి గుర్తుందా?" అన్నాడు ముర్సాల్. తమ్ముడు నవ్వుతూ ఏదో అన్నాడు. తర్వాత గది తలుపు తోసుకుని వచ్చాడు. ఒక చేతిలో దుకు పళ్ళ సంచి, ఇంకో చేత్తో తడి జుట్టు వెనక్కి తోసుకుంటున్నాడు.

"నిద్రపోతున్నాడా? పూర్తిగా దిగనిచ్చాను, ఉనీ. లేకపోతే మంచం మీంచే తిట్టేవాడు" అన్నాడు గొంతు తగ్గించి.

వాడు పిన్నిని చూశాడు. మంచం వంక చూశాడు. సంచి జారి పళ్ళు నేలంతా దొర్లాయి.

"గంజి తాగాడన్నావు" అన్నాడు. "గంజి తాగాడన్నావు కదా!"

"నువ్వు రోడ్డు మీద ఉన్నావురా" అన్నాను.

వాడికీ తెలుసు ఆ ఆచారం. మంచం పక్కన కూలబడి ఆయన పాదాలు పట్టుకున్నాడు. "ఇప్పుడే వచ్చాను, అబాక్. ఇప్పుడేగా వచ్చాను" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటూ ఉండిపోయాడు.

అప్పుడు నాకు కోపం తన్నుకొచ్చింది. ఎవరి మీదో తెలీని కోపం. చచ్చినవాడి మీద, బతికున్నవాడి మీద, ఆ రోడ్డు మీద, ఆ ఇనప ముక్క మీద. "తగలబడిపోనీ నీ టర్బో! పగిలి చావనీ! ఏం పోయేది? ఒక్కసారి ఆపేసి పరిగెత్తుకొస్తే ఏం పోయేదిరా? ఆ నత్తగుల్ల కోసం తండ్రిని..."

"దానికి టర్బో లేదు, ఉనీ."

నాకు సరిగ్గా అర్థం కాలేదు.

"మా ఓనరు సెలవూ ఇవ్వనన్నాడు, బండీ ఇవ్వనన్నాడు. తెలిసినాయన పాత బండి అడిగి తెచ్చాను. దానికి టర్బో లేదు" అన్నాడు తల ఎత్తకుండా. "రాగానే ఆపెయ్యొచ్చు. కానీ ఆయన వింటాడు కదా. కిటికీ పక్కనే మంచం అని నువ్వేగా చెప్పావు. ఇన్నేళ్ళ తర్వాత వచ్చి టక్కున ఆపితే, వీడు మారలేదనుకుంటాడు. అందుకని కూర్చున్నాను. ఆయన వినాలని."

గోడకి ఆనుకుని కూర్చుండిపోయాను. ఈల లేదు, అన్నాడు ఆయన. రెండుసార్లు అన్నాడు. గుమ్మంలో కూర్చుని మేం అరిచిన జవాబు నాకు గుర్తొచ్చింది: ఆపేసి అన్నానికి రావచ్చు. ఆ ప్రశ్న వేసినవాడికి జవాబు తెలీదా? బండిలో చల్లారాల్సింది ఏమీ లేదని ఆయనకి తెలుసు. వీడు ఎందుకు కూర్చున్నాడో తెలుసు. ఎవరి కోసం కూర్చున్నాడో తెలుసు. తెలిసే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. చివరికి మిగిలిన ఆ కాస్త సమయాన్నీ కొడుకు మొహం చూడకుండా, వాడు పడుతున్న ఆ తంటాని వింటూ గడిపాడు.

"విన్నాడా?" అని అడిగాడు తమ్ముడు.

"విన్నాడు. నేర్చుకున్నాడు అన్నాడు."

"టర్బో లేదని కనిపెట్టలేదు కదా?"

ఆ ఒక్క సంగతీ కడుపులో దాచుకుందామా అనుకున్నాను. నా వల్ల కాలేదు. "మలుపులో ఉన్నప్పుడే కనిపెట్టాడు" అన్నాను. "ఈల లేదన్నాడు."

వాడు నోరు తెరిచి, చిన్న పిల్లాడిలా, దాపరికం లేకుండా ఏడ్చాడు. కొట్లోంచి ముర్సాల్ పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే టోపీ తీసి నిలబడిపోయాడు.

కాసేపటికి తమ్ముడు మొహం తుడుచుకుని అడిగాడు. "నాతో ఒక మాట ఉందన్నాడు కదా. ఏంటది?"

"నాకు చెప్పలేదురా. నీ మొహం చూసే చెబుతానన్నాడు."

వాడు మంచం మీది మొహాన్ని, మాట కోసం కాచుకున్నట్టు, చాలాసేపు చూశాడు.

ఊళ్ళోవాళ్ళు రావడం మొదలైంది. శవాన్ని మోసే పెట్టె తెచ్చే బండికి దారి లేదు, కొట్టు ముందున్న లారీ పక్కకి తియ్యమని ఎవరో అన్నారు. ముర్సాల్ తాళం అడిగాడు. తమ్ముడు ఇవ్వలేదు, తనే వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. బండి స్టార్టయింది, వెనక్కి జరిగింది, మామిడి చెట్టు కింద ఆగింది. ఆగిన మరుక్షణమే వాడు ఇంజన్ కట్టేసి దిగాడు.

దిగి, అలవాటుగా మా కిటికీ వంక చూశాడు. ఇంట్లోంచి ఎవరూ తిట్టలేదు.